నా ఓటు సుదీప్‌కే

మా ఇంట్లో ఈగను కొట్టడం నిషేధం. సూరత్‌లో కాపురం కదా, ఇదేదో పక్కింటి జైనుల సావాసదోషం అనుకునేరు. కాదు. ఈ చట్టం చేసినవాడు రాజమౌళి. 2012 జూలై 6న ‘ఈగ’ను థియేటర్లలోకి వదిలేసి, తన మానాన తాను ఏనుగులూ పులులూ ఉన్న పెద్ద సినిమాల వైపు వెళ్లిపోయాడాయన. ఈగ మాత్రం మా వంటింట్లో ఉండిపోయింది. దాని అభిమాన సంఘం ముందుగదిలో టీవీ ఎదురుగా బైఠాయించింది.

మా లింబాయత్ వైపు తెలుగిళ్లలో ఒక సినిమాను ఒక్కసారి చూసి ఊరుకోవడం ఉండదు. సాంచల (మరమగ్గాల) పనికని కరీంనగర్, వరంగల్ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లం. మునిసిపాలిటీ బడుల్లో తెలుగు మీడియం కూడా ఉన్న ఊరిది. అందుకని మా పిల్లలు ముందు తెలుగులో ‘ఈగ’ చూస్తారు. మళ్లీ ఆదివారం హిందీ చానల్లో, అజయ్ దేవగన్, కాజోల్ గొంతులతో కథ మొదలయ్యే ‘మక్ఖీ’ చూస్తారు. రెండు భాషల్లోనూ చచ్చేది మనిషే. రెండు భాషల్లోనూ మావాళ్లు చప్పట్లు కొడతారు.

అయ్యా, నా ఫిర్యాదు ఇక్కడే. సినిమా చూసిన ఇంతమందిలో విలన్‌గా వేసిన ఆ సుదీప్ గురించి ఒక్క మంచిమాట అన్నవాడు లేడు. అతను హీరో నానిని చంపడం తప్పే, కట్టుకున్న పెళ్లాన్ని చంపడం ఇంకా తప్పు. ఉరి వేయండి, నేను అడ్డురాను. కానీ నిద్ర సంగతేమిటి? చచ్చినవాడు ఈగై పుట్టి రాత్రంతా చెవి దగ్గర గుయ్యిమంటూ తిరిగితే మంచివాడికైనా చెడ్డవాడికైనా పడే యాతన ఒకటే. కారు గుద్దించి, అద్దం మీద ‘ఐ విల్ కిల్ యూ’ అని రాసిపోతే బీపీ పెరగని మగాడెవడు? ఇల్లంతా సందు లేకుండా మూయించుకుని, కనబడిన ప్రతి నల్లచుక్కనూ చూసి ఉలిక్కిపడే ఆ మనిషిలో నాకు విలన్ కనబడడు. ఇంటి యజమాని కనబడతాడు.

పైగా షూటింగులో అక్కడ ఈగే లేదు. దాన్ని తర్వాత కంప్యూటర్లో తయారుచేసి దింపారు. అంటే ఆ కన్నడ నటుడు ఉత్త గాలిలోకి చెయ్యి విసిరి, ఏమీ దూరని చెవిని రుద్దుకుని, లేనిదాన్ని చూసి హడలిపోయాడన్నమాట. లేని ఈగతోనే అంత అవస్థ ఉంటే, ఉన్న ఈగతో నా గతేమిటో ఆలోచించండి. కేంద్ర ప్రభుత్వం ఆలోచించలేదు. ఉత్తమ తెలుగు చిత్రమని ఒకటి, స్పెషల్ ఎఫెక్ట్స్‌కని ఇంకొకటి, రెండు జాతీయ అవార్డులిచ్చి ఈగ పక్షం చేరిపోయింది. కెనడాలో హారర్, కల్ట్ సినిమాల కోసమే జరిగే టొరంటో ఆఫ్టర్ డార్క్ పండుగలోనూ అంతే, 2013లో దీన్ని నెత్తిన పెట్టుకున్నారు. భూగోళం మొత్తం మీద సుదీప్‌కి దిక్కు నేనొక్కణ్ణి.

ఇక ఇంట్లోని ప్రేక్షకుల అభిప్రాయాలు. మా ఆవిడ దృష్టిలో అది ప్రేమకథ. “సచ్చి పుట్టి గూడ పిల్లను ఇడ్వలే జూడు” అని నా వైపు చూస్తుంది. బతికుండి ఏం వెలగబెట్టావని ఆ చూపు. కూతురికి హీరోయిన్ సమంత చేసే సూక్ష్మకళ మీద మోజు. ఈగ కళ్లకు అద్దాలు తయారుచేస్తుంది కదా, అది చూసినప్పటినుంచీ నా కళ్లజోడును గౌరవించడం మానేసింది. కొడుకుకి ఫైట్లు. స్నానాల గది అద్దం మీద ఆవిరి పడితే చాలు, ఆ నాలుగు ముక్కలూ ఇంగ్లిషులో రాసిపెట్టి వస్తాడు. నేను గడ్డం గీసుకుందామని వెళ్లేసరికి చావు బెదిరింపు నాకోసం కాచుకుని ఉంటుంది.

వీటన్నిటినీ ఓర్చుకోవచ్చు. మా అవ్వ అభిప్రాయాన్ని ఓర్చుకోవడం కష్టం. అవ్వ అంటే నన్ను కన్నతల్లి. ఆమెకి ఫైట్లూ పట్టవు, గ్రాఫిక్సూ పట్టవు. పునర్జన్మ ఒక్కటే పట్టింది. ఒకరోజు మధ్యాహ్నం అన్నంలో మామిడికాయ పప్పు కలుపుకున్నాను. కంచం అంచు మీద ఒక ఈగ వాలి, ముందుకాళ్లు రెండూ రుద్దుకుంటూ కూర్చుంది. నేను తువ్వాలు ఎత్తాను. అవ్వ నా మణికట్టు పట్టుకుంది.

“కొట్టకు బిడ్డా. మీ బాపు గాని అయితె?”

“బాపు ఈగెందుకైతడే?”

“ఎందుకు గాడు? మామిడికాయ పప్పంటె పానం ఆయనకు. చేతులెట్ల రుద్దుకుంటుండో సూడు, అచ్చం గట్లనే.”

మా బాపు జీవితమంతా సాంచల మీద పనిచేసి పోయిన మనిషి. అన్నానికి కూర్చునేముందు చేతులు రుద్దుకునే అలవాటు ఆయనకు ఉన్నమాట నిజం. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. తువ్వాలు దించాను. ఈగ తీరిగ్గా పప్పు రుచి చూసి, ఆవకాయ దాకా నడిచి, నా చెవి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వెళ్లింది. బాపు ఉన్నప్పుడు కూడా నన్ను తిట్టాల్సివస్తే చెవి దగ్గరికే వచ్చేవాడని అవ్వ గుర్తుచేసింది.

మావాళ్ల పక్షపాతం ఈగతో మొదలవలేదు లెండి. 1980లో వచ్చిన ‘పున్నమి నాగు’ గురించి అడిగినా అవ్వది అదే తీర్పు. చిన్నప్పటినుంచీ తండ్రి విషం పెట్టి పెంచితే పున్నమి రాత్రి పామై కాటేస్తాడు చిరంజీవి. చచ్చిన ఆడపిల్లల ఊసు ఎత్తదామె. “పాపం, ఆ పిలగాడేం జేస్తడు” అంటుంది. అమెరికావాళ్ల ‘జాస్’లో సొరచేపకు ఈ సదుపాయం లేదు. సముద్రపు నీళ్లలో వాళ్ల మరచేప మాటిమాటికీ చెడిపోవడంతో స్పీల్‌బర్గ్ దాన్ని ఎక్కువసేపు చూపించనే లేకపోయాడు. జనం భయపడి మనుషుల పక్షాన నిలబడ్డారు. మన దగ్గరైతే దానికొక ఫ్లాష్‌బ్యాక్ పెట్టేవాళ్లం, చిన్నప్పుడే తల్లిని జాలర్లు పట్టుకుపోయినట్టు. అప్పుడిక ఆ ఊరి పోలీసాయన గతి కూడా సుదీప్ గతే.

జంతువు మనిషిని చంపడమంటే ఏమిటో తెలియని ఊరైతే సర్దుకుపోయేవాణ్ణి. 1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చిందని ఈ సూరత్ సగం ఖాళీ అయింది. రైళ్ల మీద వేలాడుతూ మావాళ్లూ పారిపోయారు. మా వాడలో ఒక పెద్దాయన జేబులో టెట్రాసైక్లిన్ బిళ్లల అట్టతో కరీంనగర్ జిల్లా చేరితే, సొంత ఊరివాళ్లే పొలిమేర దాకా ఎదురొచ్చి ఆపారట. ఆయన ముందు మా అబ్బాయి “తాతా, ఎలుక హీరోగా సినిమా తీస్తే?” అన్నాడు. ఆయన ఏమీ అనలేదు, లేచి వెళ్లి చేతులు సబ్బుపెట్టి కడుక్కొచ్చాడు. నేను విన్న సినిమా సమీక్షల్లో నాకు నచ్చింది అదొక్కటే.

ఆ తర్వాత 1995లో కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు చెత్త ఎత్తించి, ఆక్రమణలు కూలగొట్టించి ఊరి ముఖం మార్చాడు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్ ఇందోర్‌తో కలిసి దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. అంత శుభ్రమైన నగరంలో, కేసర్ మామిడి సీజన్లో ఆమ్‌రస్ గిన్నె మీద మూత పెట్టడానికి కూడా ఇంటిల్లిపాది అనుమతి కావలసిన ఇల్లు ఒకే ఒక్కటి. “ఊపిరాడకపోతే ఎట్ల?” అంటుంది కూతురు.

పక్కింటి గుజరాతీ ముసలమ్మ ‘బా’ దగ్గరికి న్యాయానికి వెళ్లాను. ఆమె “జీవదయా, భాయ్” అని నవ్వి, మా ఆవిడ చేతికి ఖమణ్ పొట్లం ఇచ్చి పంపింది. ఈ ఊళ్లో ఇది కొత్త కాదని తర్వాత తెలిసింది. 1689లో ఓడెక్కి ఇక్కడికొచ్చిన ఓవింగ్టన్ అనే ఇంగ్లిషు పాదిరి తన పుస్తకంలో రాశాడు. పశువుల ఆసుపత్రి పక్కనే నల్లులకూ గోమార్లకూ వేరే ఆశ్రమం ఉండేదట. వాటికి నరుల రక్తం కరువు కాకుండా అప్పుడప్పుడు ఒక పేదవాణ్ణి తెచ్చి, మంచానికి కట్టి, రాత్రంతా పడుకోబెట్టేవారట.

కనుక నేను కోరేది ఈగ చావు కాదు. ఆ ఆశ వదులుకున్నాను. ఓవింగ్టన్ రాసినదాని ప్రకారం ఆ పేదవాడికి రాత్రికింత అని కూలి ముట్టేది. మా ఇంట్లో అదే ఉద్యోగం నేను ఏళ్ల తరబడి ఉచితంగా చేస్తున్నాను. పైగా కరెంటు బిల్లు కూడా నాదే. నా కూలి బాకీ ఎవరి దగ్గర వసూలు చేసుకోవాలో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.