గుడ్డ గుమ్మడికి టీకా తాత్పర్యాలు

అవతారిక: అమెరికాలో సెప్టెంబరు నెలాఖరు నుంచి నవంబరు నాలుగో గురువారం దాకా గుమ్మడికాయ వైభవం అంతా ఇంతా కాదు. గుమ్మం మెట్ల మీద గుమ్మడి, కిటికీలో గుమ్మడి, భోజనాల బల్ల నడుమ గుమ్మడి. అక్టోబరు 31న హాలోవీన్‌కు కళ్ళూ పళ్ళూ చెక్కి లోపల దీపం పెట్టిన కాయ కొద్దిరోజుల్లోనే బూజు పట్టి కూలబడుతుంది. చెక్కని కాయను ఆరుబయట ఉంచితే ఉడతలు కొరుకుతాయి. థాంక్స్‌గివింగ్ ఎప్పుడో 1941లో చట్టం చేసి మరీ నవంబరు నాలుగో గురువారానికి కట్టేశారు కనుక పండగ ముందుకు జరగదు. కాయే అప్పటిదాకా ఆగాలి. ఆగే కాయ కావాలంటే కుట్టుకోవడమే దారి. డాలస్‌లోనూ న్యూజెర్సీలోనూ మనవాళ్ళు బతుకమ్మకు గుమ్మడిపూలు దొరుకుతాయా అని వెతుక్కునే రోజులూ ఇంచుమించు అవే. అందుచేత ఈ శాస్త్రం మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఇంతటి విద్యకు లక్షణ పద్యం లేకపోవడం లోపం. మూలం లేనిచోట వ్యాఖ్యాతే మూలం రాసుకోవాలి గనక కింది తేటగీతి మాలిక ఈ టీకాకారుడిదే. తప్పులుంటే కవి ఖాతాలో వేయండి, ఒప్పులుంటే వ్యాఖ్యాత ఖాతాలో.

నిడుపు వెడలుపునకు రెట్టి నెఱిని గోసి
గొట్టముగఁ గుట్టి యడుగును గూర్చి బిగిచి
దూది నిండార నించి పైఁదుదను మూసి
సూది నడుమను బోనిచ్చి చుట్టి లాగి
తొడిమ నిజమైన దొక్కటి తోడుగూర్పఁ
గత్తి నెఱుఁగని గుమ్మడికాయ పుట్టు.

ప్రతిపదార్థం: నిడుపు = పొడవు; వెడలుపునకు రెట్టి = వెడల్పుకు రెట్టింపుగా; నెఱిని = తీరుగా; కోసి = గుడ్డను కత్తిరించి; గొట్టముగన్ కుట్టి = పొట్టి అంచులు రెండూ కలిపి గొట్టంలా కుట్టి (పొడుగు అంచులు కలిపారో, వచ్చేది గుమ్మడి కాదు, పొట్లకాయ); అడుగును = కింది అంచును; కూర్చి బిగిచి = దారంతో కుచ్చు పోసి లాగి ముడివేసి; దూదిన్ నిండారన్ నించి = దూదిని పొట్ట నిండా కూరి; పైఁదుదను మూసి = పై అంచునూ అలాగే కుచ్చు పోసి మూసేసి; సూదిన్ = దబ్బనాన్ని; నడుమను పోనిచ్చి = కాయ నడిబొడ్డు గుండా దూర్చి; చుట్టి లాగి = దారాన్ని బయటినుంచి చుట్టి తెచ్చి గట్టిగా లాగి; నిజమైన తొడిమ ఒక్కటి తోడుగూర్పన్ = అసలైన గుమ్మడి తొడిమ నొకదాన్ని పైన అంటించగా; కత్తిన్ ఎఱుఁగని = కత్తి ఎలా ఉంటుందో తెలియని; గుమ్మడికాయ పుట్టు = గుమ్మడికాయ పుడుతుంది.

తాత్పర్యం: గుడ్డతో గుమ్మడికాయ చేయవచ్చు.

విశేషాలు: మొదటి పాదంలో కొలతలు చెప్పలేదు, నిష్పత్తి మాత్రమే చెప్పాడు. ఇది కవి గడుసుదనం. 10 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల పొడవు తీసుకుంటే పొడుగు వైపు చుట్టుకొలత అవుతుంది. కాయ అడ్డకొలత ఆరంగుళాల పైచిలుకు వస్తుంది, బల్ల నడుమకు సరిపోతుంది. దీనికి భాస్కరాచార్యుణ్ణి పిలవనక్కర్లేదు. అమెరికావాళ్ళు వెల్వెట్టో, కార్డురాయో, గళ్ళ ఫ్లానెలో తీసుకుంటారు. మనకు పేరంటాల్లో చేతిలో పెట్టిన జాకెట్టు ముక్కలు బీరువా అడుగున ఎన్ని లేవు? ఒక్కో ముక్కలో రెండు మూడు కాయలు తేలిగ్గా వస్తాయి. వాటికి ఇంతకంటే మంచి గతి ఈ టీకాకారుడికి తోచడం లేదు.

కుట్టిన గొట్టాన్ని తిరగేసి గుడ్డ మంచివైపు పైకి తేవాలన్న మాట పద్యంలో లేదు. గణాలు కుదరక వదిలేశాడని కొందరు అనవచ్చు. అధ్యాహారం చేసుకోవాలని మా మతం. చేసుకోనివాళ్ళ గుమ్మడికి కుట్టు బయట కనిపిస్తుంది.

"దూది" అన్నచోట లక్షణార్థం చేత బొమ్మల్లో నింపే పాలియెస్టర్ దూదిని గ్రహించాలి. బూరుగు దూది పాతబడేకొద్దీ ఉండలు కట్టి కాయకు సొట్టలు పడతాయి. అడుగున బరువు కోసం గుప్పెడు బియ్యం పోసేవారూ ఉన్నారు. బియ్యానికి పురుగు పడుతుందని మన అత్తలూ అమ్మమ్మలూ చెప్పగా వినలేదు కాబోలు. ప్లాస్టిక్ పూసలు పోస్తే ఆ బాధ లేదు.

నాలుగో పాదమే పద్యానికి ప్రాణం. మూడో పాదం దాకా మన చేతిలో ఉన్నది ఒక చిన్న దిండు. దాన్ని గుమ్మడిని చేసేది దారం. ఎంబ్రాయిడరీ దారం ఆరు పోగులూ విడదీయకుండా దబ్బనానికి ఎక్కించి, అడుగు కుచ్చు మధ్యలో గుచ్చి పై కుచ్చు మధ్యలో తేల్చాలి. మామూలు సూది వాడితే దూది మధ్యలో మాయమవుతుంది, తరవాత దాన్ని వెతికే వేలికి మాత్రమే దొరుకుతుంది. పైకి వచ్చిన దారాన్ని కాయ ఒంటి మీదుగా కిందికి దించి మళ్ళీ అడుగునుంచే గుచ్చి లాగాలి. లాగిన చోట గాడి పడుతుంది. ఒక పక్క గాడి వేశాక దానికి ఎదుటి పక్క వేయాలి, తరవాత ఆ రెంటి నడుమ, ఆపైన మిగిలిన నడుముల్లో. ఎనిమిది గాళ్ళు పడేసరికి దిండు గుమ్మడిగా ఉబ్బుతుంది. వరసగా ఒక పక్కనుంచి వేసుకుపోతే చివరి తునక ఏనుగంతో చీమంతో అవుతుంది.

ఆక్షేపం: "కోసి" అని మొదటి పాదంలోనే ఉండగా "కత్తి నెఱుఁగని" అనడం స్వవచన విరుద్ధం కాదా? కాదు. కోసింది గుడ్డను. కాయ అప్పటికి పుట్టనే లేదు. పైగా అక్కడ పనిచేసింది కత్తెర. నిండు గుమ్మడికాయకు మొదటి వేటు మగవాడే వేయాలన్న పట్టింపు మన ఇళ్ళలో చాలాచోట్ల ఉంది. ఈ కాయ మొదలునుంచి చివరిదాకా ఆడవాళ్ళ చేతిలోనే పూర్తవుతుంది, మగవాడి వేటు కోసం ఎదురు చూడదు. గుమ్మడికాయ కొట్టి షూటింగు ముగించే సినిమావాళ్ళకు మాత్రం ఇది పనికిరాదు. దొంగకు మేలు, భుజాన బూడిద అంటదు.

మరొక ఆక్షేపం: తినరాని కాయకు ఇంత సంరంభమా? ఇది తెలియక వేసిన ప్రశ్న. అమెరికాలో బల్ల మీదా మెట్ల మీదా కనిపించే నారింజ రంగు గుండ్రటి కాయ చాలావరకు అలంకారానికే. పంప్‌కిన్ పైలోకి వెళ్ళే డబ్బా గుజ్జు ఎక్కువగా ఇల్లినాయ్ రాష్ట్రంలో పండే డికిన్సన్ రకానిది. ఆ కాయ కోలగా, లేత గోధుమ రంగు తోలుతో ఉంటుంది, పక్కన పెడితే గుమ్మడి అని ఎవరూ అనరు. జాతి ప్రకారం అది మన దప్పళం గుమ్మడికి దగ్గరి చుట్టం. అంటే కడుపులోకి పోయే కాయ ఒకటి, కంటికి ఆనే కాయ మరొకటి. కంటి కాయను గుడ్డతో చేస్తే తిండికి వచ్చిన లోటేమీ లేదు.

ఇక తొడిమ. ఒళ్ళంతా గుడ్డ అయినప్పుడు తొడిమ మాత్రం నిజమైనదెందుకు, దాల్చినచెక్క ముక్కో ఫెల్ట్ చుట్టో చాలదా అని పూర్వపక్షం. చాలదు. చూసేవాడి కన్ను ముందుగా వాలేది అక్కడే. అక్కడ అబద్ధం దొరికితే కింద వేసిన ఎనిమిది గాళ్ళూ వృథా. ఎండిన తొడిమ గరుకు, గాట్లు, చివర వంకర ఏ కుట్టుకూ రావు. అన్ని తొడిమలూ పనికిరావు కూడా. పెద్ద పెద్ద బరువు కాయల తొడిమ బెండులా మెత్తగా ఉంటుంది. మన గుమ్మడిది గట్టిగా, కోణాలు తేలి, కాయను అంటే చోట పావలా వేసినట్టు విచ్చుకుని ఉంటుంది. గ్లూ గన్‌తో అంటించడానికి ఆ విప్పారిన అంచే ఆధారం. పచ్చిది అంటిస్తే బూజు పట్టి గుడ్డకూ ఎక్కుతుంది.

కాబట్టి సంక్రాంతికి దప్పళంలోకి గుమ్మడికాయ తెచ్చినప్పుడు తొడిమను చెత్తబుట్టలో వేయకండి. కండ లేకుండా గీకి, నీడపట్టున బాగా ఎండనిచ్చి, ఆ జాకెట్టు ముక్కల పక్కనే దాచండి. అమెరికా వెళ్ళే అమ్మలకు ఒక మనవి: పచ్చళ్ళతో పాటు తొడిమలు పెట్టెలో సర్దకండి, మొక్కల భాగాలకు అక్కడి కస్టమ్స్ వాళ్ళు అడ్డం చెబుతారు. అక్కడి తొడిమలు అక్కడే ఎండబెట్టుకోమనండి.