డైమండ్ లేదన్నవాడికే ఆఫర్ లెటర్

సాయంత్రం ఏడైతే చాలు, చందానగర్ పీజీ హాస్టళ్లలో పారాయణం మొదలవుతుంది. "జావాలో మల్టిపుల్ ఇన్హెరిటెన్స్ లేదు. ఎందుకు లేదు? డైమండ్ ప్రాబ్లమ్ వస్తుంది కాబట్టి లేదు." అమీర్‌పేట కోచింగ్ నోట్సుల్లోంచి జిరాక్సు మీద జిరాక్సుగా దిగివచ్చిన జవాబిది. డైమండ్ అంటే ఒకే పేరు మెథడ్ ఇద్దరు పేరెంట్ల దారిన వచ్చి, ఏది వాడాలో తేలని చిక్కు. హైటెక్ సిటీలో ఇంటర్వ్యూ చేసే సారూ దీన్నే బట్టీపట్టి సీటు సంపాదించారు గనక ఇద్దరికీ పేచీ రాదు.

పేచీ అంతా కంపైలర్‌తోనే. 2014 మార్చిలో వచ్చిన జావా 8 ఇంటర్‌ఫేసుల్లో డిఫాల్ట్ మెథడ్ల పేరుతో కోడ్ కూడా రాసుకోనిచ్చింది. ఏ, బీ అని సంబంధం లేని రెండు ఇంటర్‌ఫేసుల్లో 'హలో' అనే డిఫాల్ట్ మెథడ్ రాసి, రెండిటినీ ఒకే క్లాసుకు తగిలించి చూడండి. 'ఇన్హెరిట్స్ అన్‌రిలేటెడ్ డిఫాల్ట్స్' అంటూ కంపైలర్ మొండికేస్తుంది. లేని జబ్బుకు ఇంత మూలుగా?

ఇంటర్‌ఫేసుల్లో ఇన్‌స్టన్స్ ఫీల్డులు ఉండవు, డేటా రెండు కాపీలయ్యే బెడద లేదు. పారాయణంలో అంతవరకు నిజమే. పేర్ల తగాదా మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇద్దరు తాతయ్యలున్న పిల్ల దీన్ని ఎప్పుడో తేల్చేసింది: ఒకాయన చందానగర్ తాతయ్య, ఇంకొకాయన తెనాలి తాతయ్య. 1989 నాటి సి ప్లస్ ప్లస్ 2.0లో రెండు కోలన్లు పెట్టి ఫలానా క్లాసు మెథడ్ అనడం, జావాలో 'ఏ.సూపర్.హలో' అని రాయడం ఆ పిల్ల తెలివే. పైథాన్‌కు ఈ మొహమాటాలు లేవు. 2003లో వచ్చిన 2.3 నుంచి సీ3 అనే లెక్క ప్రకారం పేరెంట్లను వరస కట్టేస్తుంది. సంబంధం లేని ఇద్దరు పేరెంట్లుంటే ముందు రాసినవాడిదే పెత్తనం.

అసలు తమాషా 2023 సెప్టెంబరులో జరిగింది. జావా 21 అటు లిస్ట్ ఇంటర్‌ఫేసులోనూ ఇటు డెక్ ఇంటర్‌ఫేసులోనూ 'రివర్స్‌డ్' అనే డిఫాల్ట్ మెథడ్ పెట్టింది. ఒకటి లిస్టునిస్తుంది, రెండోది డెక్‌నిస్తుంది. లింక్డ్‌లిస్ట్ ఆ రెండింటికీ వారసురాలు. చివరికి జావా వాళ్లే అందులో సొంత 'రివర్స్‌డ్' రాసి గండం గట్టెక్కారు. లిస్టునీ డెక్‌నీ కలిపి సొంత క్లాసులు రాసుకున్నవాళ్లు అప్‌గ్రేడ్ చేసిన రోజున ఎర్ర గీతలు చూశారు.

ఎర్ర గీత కనిపిస్తే ఇంకా నయం. పేరెంట్ క్లాసులో అదే పేరుతో పబ్లిక్ మెథడ్ ఉంటే ఇంటర్‌ఫేసు డిఫాల్ట్ కిక్కురుమనకుండా తప్పుకుంటుంది, క్లాసుదే చెల్లుతుంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. ఈ ముక్క ఇంటర్వ్యూలో చెప్పిన కుర్రాడి ఫీడ్‌బ్యాక్ ఫారంలో పడేది: "బేసిక్స్ వీక్."