ఘనపూర్‌ది ఏ జిల్లా, సైటుకు ఏ క్యాష్?

2016 అక్టోబరు 11న వరంగల్ జిల్లాను ముక్కలు చేశారు. అందులోని ఘనపూర్‌లలో స్టేషన్ ఘనపూర్ జనగామ జిల్లాకు పోయింది. కోటగుళ్లనే పాత గుడులున్న ఘనపూర్ జయశంకర్ భూపాలపల్లి వాటాలో పడింది. ఆ రెండోదాన్ని గుర్తుపట్టడానికని పేరు పక్కన ములుగు అని రాసేవాళ్లు. 2019 ఫిబ్రవరిలో ఆ ములుగే వేరే జిల్లా అయిపోయింది. దాంతో ‘ఘనపూర్ (ములుగు)’ అనే ఊరు ములుగు జిల్లాలో లేకుండా పోయింది! ఇంత జరిగాక కూడా మీది ఏ జిల్లా అంటే వరంగల్ అనే పెద్దమనుషులు ఉంటారు. సర్కారు అసలు రికార్డు మార్చింది గానీ జనం బుర్రల్లోని నకళ్లను తుడవలేకపోయింది. వర్డ్‌ప్రెస్ సైటుకు ఏ క్యాష్, అంటే ఏ నకళ్ల నిల్వ, పెట్టాలని తల పట్టుకున్నవాళ్లు ముందు తేల్చుకోవలసింది ఈ తుడిచే సంగతే. వేగం తర్వాత.

మేనేజ్డ్ హోస్టింగ్‌కు మామూలు దానికంటే ఎక్కువ కట్టేదే ఈ క్యాష్ చాకిరీ హోస్టింగ్ వాళ్ల నెత్తిన వేయడానికి. తయారైన పేజీకి నకలు తీసి, మళ్లీ డేటాబేసును లేపకుండా వచ్చినవాళ్లందరికీ అదే అందించే పేజీ క్యాష్ చాలాచోట్ల వాళ్ల సర్వర్లోనే ఉంటుంది. కానీ అడగకుండా ఇచ్చినదాని మీద మనకు గురి కుదరదు. పైన ఒక క్యాష్ ప్లగిన్, దాని పైన చోటుచోటా నకళ్లుంచే క్లౌడ్‌ఫ్లేర్. బ్రౌజర్ ఎలాగూ తన వంతు దాచుకుంటుంది. ఇక కోటగుళ్లకు దారి చెప్పే పేజీలో జిల్లా పేరు దిద్దామనుకోండి. మనకు భూపాలపల్లి కనిపిస్తుంది, చూడవచ్చినవాళ్లలో ఒకరికి ములుగు, ఇంకొకరికి వరంగల్. డబ్ల్యూపీ ఇంజిన్ లాంటి హోస్టింగ్ సంస్థలు కొన్ని పేజీ క్యాష్ ప్లగిన్లను నిషేధించింది పంతంతో కాదు, ఈ గందరగోళానికి జడిసి.

‘ప్లగిన్ పెట్టాకే కదా సైటు వేగం స్కోరు పెరిగింది’ అంటారు. పెరిగే ఉంటుంది. బొమ్మలను ఆలస్యంగా లోడ్ చేయడం, సీఎస్‌ఎస్ కుదించడం లాంటివీ ఆ ప్లగినే చేస్తుంది కాబట్టి. వాటిని ఉంచుకుని పేజీ క్యాష్ ఒక్కటీ ఆపేయండి; డబ్ల్యూపీ రాకెట్ ప్లగిన్ అయితే కొన్ని హోస్టింగుల్లో తనంతట తానే ఆపుకుంటుంది. ‘లాగిన్ అయితే మాత్రం సైటు కదలదు’ అన్నది గట్టి అభ్యంతరమే. లాగిన్ అయినవాళ్లకు మామూలుగా పేజీ క్యాష్ వర్తించదు, అలాంటివి పది పెట్టినా దండగే. అక్కడ డేటాబేసు జవాబులను దాచిపెట్టే రెడిస్ లాంటి ఆబ్జెక్ట్ క్యాష్ పనికొస్తుంది. డల్లాస్‌లో ఉన్న అల్లుడుగారికి పేజీ ఆలస్యమవుతోందా? క్లౌడ్‌ఫ్లేర్ దానంతటది బొమ్మలు, స్టైలు ఫైళ్ల వంటివే దాస్తుంది. హెచ్‌టీఎంఎల్ పేజీ జోలికి పోదు. కావాలంటే విడిగా రూలు రాయాలి. రాసినవాడే, పేజీ మారినప్పుడు అక్కడి నకలునూ తుడిపించే ఏర్పాటు చేసుకోవాలి. ఇక తుడిచే మీట చేతికివ్వని హోస్టింగ్‌ను, ఎంత వేగమైనదైనా, నేను తీసుకోమనను.

సైటులో అమ్మకాలుంటే మటుకు కార్ట్, చెక్‌అవుట్, మై అకౌంట్ పేజీలను పేజీ క్యాష్‌లోకి రానివ్వకూడదు. అమ్మకాల ప్లగిన్ ఊకామర్స్ వాళ్లు చెప్పేదీ ఇదే. అశ్రద్ధ చేశారో, స్టేషన్ ఘనపూర్ ఆసామి బుట్టలోని మిరపపొడి ఆయన చిరునామాతో సహా కోటగుళ్ల ఘనపూర్ ఆయన ఫోన్లో తేలుతుంది. ఇద్దరూ కలిసి ఫోన్ చేస్తే సపోర్టు వాళ్లు ఏమంటారో తెలిసిందే: ‘ఒకసారి క్యాష్ క్లియర్ చేసి చూడండి సార్.’