షావుకారు గారి లెక్క తేలకుండా చేసే ఏడు చిట్కాలు

అంబాజీపేట కొబ్బరి కొట్టులో లెక్కల ప్రోగ్రాం రాసే పని దొరికిందా? స్కీము అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోండి. 1958లో ఎంఐటీలో మెకార్తీ మొదలెట్టిన లిస్పు భాషకి 1975లో పుట్టిన పిల్ల అది. చిన్న భాష. చెడగొట్టడానికి ఎక్కువ చదవక్కర్లేదు.

1. అన్నిటికీ ‘సరుకు’ అని ఒకటే పేరు పెట్టండి. స్కీములో టైపు విలువకే గానీ పేరుకి ఉండదు. గంపకి రకమేంటి, కాయకి గానీ! పొద్దున్న అంకె, మధ్యాహ్నం మాట, సాయంత్రం లిస్టు అందులోనే పడేయండి.

2. గటగట రకం కాయలు వెయ్యి లెక్కన, కొత్తకొబ్బరి క్వింటా లెక్కన అమ్ముతారు. అయితేనేం, రెండూ అంకెలేగా! పన్నెండు వేల కాయలు, ఎనిమిది క్వింటాళ్లు: (+ 12 8). ఇరవై వస్తుంది. భాష కిక్కురుమనదు. ఇరవై ఏమిటని అడిగితే ‘మొత్తం’ అనండి.

3. కొన్ని ధరలు కొటేషన్ గుర్తుల్లో పెట్టండి. (+ 5 "5") అంటే స్కీము పది అనదు, పని ఆపేస్తుంది. మీరూ ఆపేసి టీకి వెళ్లండి.

4. తిరిగొచ్చాక, తప్పు వచ్చిన చోటల్లా సున్నా ఇచ్చేలా రాయండి. ఇక తప్పు కనపడదు. డబ్బూ కనపడదు.

5. బాకీ ఉందో లేదో బాకీ అంకెనే అడగండి. స్కీములో అబద్ధానికి విడిగా ఒకే ఒక్క విలువ ఉంది. సున్నా, ఖాళీ లిస్టు కూడా నిజమే. అంచేత అణాపైసలతో తీర్చేసిన రాజోలు రైతుకీ చీటీ వెళ్తుంది: ‘మీ బాకీ 0 రూపాయలు. వెంటనే కట్టగలరు.’

6. గటగటని ఒకచోట సింబలుగా, ఇంకోచోట స్ట్రింగుగా రాయండి. చదివేవాళ్లకి ఒకటే సరుకు, స్కీముకి రెండు. స్టాకు వెతికినప్పుడల్లా దొరకదు. ఎలకల మీదకి నెట్టేయండి.

7. ముగ్గురు అన్నదమ్ముల వాటాకి (/ 1000 3) అంటే స్కీము 1000/3 అని భిన్నంగానే దాచుకుంటుంది. మూడు వాటాలూ కూడితే సరిగ్గా 1000. ఇంత నిజాయితీ వ్యాపారానికి పనికిరాదు. దశాంశాల్లోకి మార్చండి. అక్కడ (+ 0.1 0.2) అంటే 0.30000000000000004. ఆ చివరి నాలుగు ఎవరిదో అన్నదమ్ములు తేల్చుకుంటారు.

షావుకారు గారు ‘ఏంటబ్బాయ్ ఇది?’ అంటే ‘డైనమిక్ టైపింగండీ, ఆయ్’ అనండి. మర్నాడు ఆయనే పాత చిట్టా దులిపి, కాయలకో గడి, క్వింటాళ్లకో గడి గీసుకుంటారు. టైపులంటే అవేనని మాత్రం నోరు జారకండి. మళ్లీ పని చెబుతారు.