గుర్రాల లెక్క: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

గాలి దారి పెంచి కాల్చుము పెట్రోలు
పొగకు గొంతు విప్పి బొబ్బ పెట్టు
అంకె పెరిగె నంచు నాడకు ఘాటులో
కొండ దాని లెక్కగొనదు సుమ్ము

ఈ పద్యానికి కవి లేడు. మూలం లేకుండా వ్యాఖ్యానం నిలవదు కనుక వ్యాఖ్యాతే మూలాన్నీ కట్టుకున్నాడు. వస్తువు ఇంజను బలం పెంచుకోవడం. సందర్భం నర్సీపట్నం నుంచి గొలుగొండ పరిసరాల మీదుగా లంబసింగి ఘాటెక్కే బండి. ఈ విద్యకు పుట్టిల్లు మాత్రం అమెరికా. 1964లో పాంటియాక్ కంపెనీ ఒక మధ్యరకం కారులో 389 ఘనపుటంగుళాల వి8 ఇంజను, అంటే దాదాపు 6.4 లీటర్లది, దూర్చి జీటీఓ అని పేరు పెట్టింది. 325 హార్స్‌పవర్ అని చాటింది. మజిల్ కార్ల, అంటే కండబలపు కార్ల, మోజు జనంలోకి పాకింది ప్రధానంగా దానితోనే. 2015 నాటి డాడ్జ్ హెల్‌క్యాట్‌లో ఆ అంకె 707కి చేరింది. అలాంటి కార్లకు మన ఘాటులో పనిలేదు గానీ, వాటి వెనకున్న కోరిక మాత్రం రెండు చక్రాల మీద ఇక్కడికీ వచ్చింది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లారకముందే మంచు చూడబోయే బుల్లెట్ల వరుసలో కంపెనీ సైలెన్సరుతో ఉన్నదేదో, షెడ్డులో మార్పించినదేదో కళ్లు మూసుకునే చెప్పవచ్చు.

ఇక టీక. గాలి దారి పెంచి = ఎయిర్ ఫిల్టరు పెట్టె ఊడదీసి, గాలిని ధారాళంగా పీల్చే ఫిల్టరు తగిలించి. కాల్చుము పెట్రోలు = గాలి పెరిగినప్పుడు పెట్రోలూ పెంచుము; పెంచకపోతే మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కును. కార్బురేటరు బండికైతే జెట్టు మారిస్తే సరి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండికి ఇంజను కంప్యూటరులోని లెక్కే మార్చాలి, ఆ పని స్పానరుకు లొంగేది కాదు. పొగకు గొంతు విప్పి = బెండ్ పైపుకు కంపెనీ బిగించిన సైలెన్సరు విప్పి, లోపల అడ్డుగోడలు లేని గొట్టం పెట్టి. పాత సైలెన్సరుతో పాటు పొగలోని విషాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరు కూడా కొన్ని బండ్లలో వెళ్లిపోతుందని కవి చెప్పలేదు, గణాలు చాలలేదేమో. బొబ్బ పెట్టు = ఇది లోకప్రసిద్ధం, వ్యాఖ్య అనవసరం. అంకె = హార్స్‌పవర్. గనుల్లో గుర్రాలు చేసే పనిని తన ఆవిరి యంత్రం చేస్తుందని కొనేవాళ్లకు నచ్చజెప్పడానికి జేమ్స్ వాట్ వాడుకలోకి తెచ్చిన కొలత ఇది. నేటి లెక్కలో ఒక్కొక్కటి సుమారు 746 వాట్లు. అమ్మకం కోసం వచ్చిన అంకె కాబట్టి ఇప్పటికీ అమ్మకంలోనే ఎక్కువ రాణిస్తుంది. మిగిలిన పదాలు సుగమాలు.

తాత్పర్యం నాలుగో పాదంలో ఉంది. కొండ ఎందుకు లెక్కగొనదు? గొనదని పద్యం దబాయిస్తే చాలదు, లెక్క చూపించాలి. ఇప్పటి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350ని తీసుకుందాం. బరువు 195 కిలోలు. ఇద్దరు కూర్చుంటే మొత్తం 325 అనుకుందాం. 15 అడుగులు నడిస్తే ఒక అడుగు లేచే వాలు మీద, గంటకు 36 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతోంది. బరువును పైకి మోయడానికి కావలసింది మూడు హార్స్‌పవర్ కన్నా తక్కువ. ఎదురుగాలికీ టైర్ల రాపిడికీ ఇంకొకటి చేర్చినా మొత్తం నాలుగు. కంపెనీ ఇచ్చిందో, 20.2. అంటే అయిదింటిలో నాలుగు గుర్రాలు దారి పొడుగునా ఊరికే నడుస్తున్నాయి. ఉన్నవాటికే పని లేనప్పుడు షెడ్డువాడు ఇంకో రెండింటిని కట్టబెడతానంటే సంతోషించవలసిన కారణం కనిపించదు. పోనీ అవి వచ్చాయనే ఒప్పుకుందాం. లంబసింగి ఎత్తు సుమారు 1000 మీటర్లు. అంత ఎత్తులో గాలి దాదాపు పదో వంతు పలచబడుతుంది, ఇంజను బలమూ ఆ మేరకు తగ్గుతుంది. 20లో పదో వంతు రెండు. డబ్బిచ్చి కొన్న రెండింటినీ కొండ చెక్‌పోస్టు పెట్టకుండానే వసూలు చేసుకుంది. (పుష్యమాసపు చలిలో గాలి చిక్కబడి అందులో కొంత తిరిగి వస్తుంది. కొండకు ఆ పాటి న్యాయం ఉంది.)

అసలు చిక్కు మలుపుల్లో ఉంది. హెయిర్‌పిన్ మలుపులో బండి ఎంత వేగంగా తిరగగలదో నిర్ణయించేవి మూడే: మలుపు వ్యాసార్ధం, టైరుకూ రోడ్డుకూ మధ్య పట్టు, భూమ్యాకర్షణ. ఈ సమీకరణంలో ఇంజను ప్రస్తావనే లేదు. పది మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో పొడి రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్లు దాటితే టైరు పట్టు వదులుతుంది. మంచు కురిసి, రాలిన ఆకు తడిసి రోడ్డుకు అంటుకున్న ఉదయం 20 దాటితేనే అనుమానం. 20 గుర్రాల బండికైనా 707 గుర్రాల కారుకైనా ఇదే సూత్రం. కవి 'లెక్కగొనదు' అన్నది అలంకారం కాదు, గణితం. దిగేటప్పుడు సంగతి సరేసరి. ఎక్కుతూ పోగుచేసిన ఎత్తునంతా బ్రేకులూ గేరూ పంచుకుని వేడిగా మార్చాలి; ఆ పనిలో హార్స్‌పవర్ ఎటువైపూ సాయపడదు.

అంకె విలువ మీదే ఇంకొక సాక్ష్యం ఉంది. 1971 వరకు అమెరికా కంపెనీలు ఇంజనును కారులో నుంచి తీసి, ఎయిర్ ఫిల్టరూ సైలెన్సరూ లేకుండా, బలం తినే సామాను చాలావరకు విప్పి, బల్ల మీద కొలిచి వచ్చిన అంకెను ప్రకటించేవి. 1972 నుంచి అన్నీ బిగించి కొలవడం మొదలైంది. కార్వెట్‌లోని ఎల్‌టీ-1 ఇంజను 1971లో 330 హార్స్‌పవర్. మరుసటి ఏడు 255. ఇంజను దాదాపు అదే, కొలిచే పద్ధతి మారింది. ఫ్యాక్టరీ అంకె గతే అదైతే, డైనమోమీటరు ముఖమైనా చూడకుండా 'పికప్ పెరిగిందన్నా' అని చెవితో కొలిచే షెడ్డు అంకెకు ఎంత విలువ కట్టాలో చదువరులే తేల్చుకోవచ్చు. చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టు తోస్తుంది. వేదాంతులు దీన్ని అధ్యాస అంటారు.

ఇక్కడ పూర్వపక్షం. కంపెనీలు బలాన్ని కావాలని దాచి అమ్ముతాయి, దాన్ని బయటికి తీయడం తప్పా? ఇందులో సగం నిజం ఉందని ఒప్పుకోవాలి. టర్బో ఉన్న కార్లలో కంప్యూటరు లెక్క మార్చి గాలి ఒత్తిడి పెంచితే బలం నిజంగానే, కొలవగలిగినంతగా, పెరుగుతుంది. ఎందుకంటే అక్కడ గాలిని నెట్టే యంత్రం ముందే ఉంది. కాని ఆ దాచిన బలం ఊరికే దాచింది కాదు. క్లచ్ ప్లేట్లు, గేర్లు, పిస్టన్లు కల్తీ పెట్రోలుకూ మే నెల ఎండకూ ఓర్చుకుని ఏళ్ల తరబడి మన్నడానికి పెట్టిన ఎడం అది. టర్బో లేని ఒంటి సిలిండరు బండికి ఆ నిల్వ కూడా స్వల్పమే. రెండో ఆక్షేపణ: ఘాటులో బస్సును దాటాలంటే పికప్ వద్దా? కావాలి. పై లెక్కలోని బండి 36 నుంచి 54 కిలోమీటర్ల వేగానికి చేరడం బలమంతా వాడితే రెండున్నర సెకన్ల పని; రెండు గుర్రాలు అదనంగా పూన్చితే మిగిలేది సెకనులో మూడో వంతు. అంతకన్నా ముందరి స్ప్రాకెట్ పళ్లు 15 ఉన్న బండికి 14 పళ్లది వేస్తే, హార్స్‌పవర్ వీసమెత్తు పెరగకుండానే, చక్రం దగ్గర లాగుడు ఏడు శాతం పెరుగుతుంది. అదీ మార్పే, పై స్పీడూ మైలేజీ తగ్గుతాయి, అయినా కొండ అడిగే భాషలో జవాబు చెబుతుంది. పైగా క్లాసిక్ 350కి అసలైన లాగుడు, 27 న్యూటన్ మీటర్లు, నిమిషానికి 4000 చుట్ల దగ్గరే దొరుకుతుంది, 20.2 అంకె కావాలంటే 6100 దాకా రేజ్ చేయాలి. ఘాటులో అంత దాకా తిప్పడానికి మలుపు మలుపుకూ మధ్య చోటెక్కడ?

మూడో ఆక్షేపణ బలమైనది: ఇదంతా లెక్క, మోజుకు లెక్కేమిటి? నిజమే. చప్పుడు కోసమే సైలెన్సరు మార్పించానని ఒప్పుకునేవాడితో వ్యాఖ్యాతకు తర్కపరంగా ఏ తగువూ లేదు. వాడు కొన్నది వాడికి దక్కింది. ఆ చప్పుడు దారిపక్క పల్లెల్లో నిద్రపోయేవాళ్లకూ దక్కడం ఒక్కటే ఇబ్బంది. ఈ దారి కథ కూడా ఆ పల్లెలకు తెలుసు. నర్సీపట్నం, లంబసింగి మధ్య రోడ్డు పనికి గూడెం తహసీల్దారు బాస్టియన్ గిరిజనుల చేత వెట్టి చేయించాడు. 1922లో అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటు కారణాల్లో అదొకటి. ఆ ఆగస్టులో ఆయన దాడి చేసిన స్టేషన్లలో ఒకటైన కృష్ణదేవిపేట ఈ గొలుగొండ మండలంలోనిదే. ఆయన సమాధీ అక్కడే ఉంది. కండబలమన్న మాటకు ఈ ఘాటులో అసలు అర్థం రాళ్లు మోసినవాళ్ల దగ్గర ఉంది. వాళ్ల బలాన్ని ఏ యంత్రం మీదా కొలవలేదు, కూలి కూడా సరిగా ఇవ్వలేదు.

చివరిగా పాఠాంతరం. కొందరు నాలుగో పాదాన్ని 'కోర్టు దాని లెక్కగొనును సుమ్ము' అని చదువుతారు. గణాలు సరిపోయాయి, యతి చెడలేదు, కాబట్టి తోసిపుచ్చడం కష్టం. ఈ పాఠానికి ఆధారం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్: తయారీదారు ఇచ్చిన స్వరూపానికి భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలో, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానానో, రెండూనో అంటుంది. శబ్దానికి, 175 సీసీ దాటిన బండికైతే 80 డెసిబెల్స్ హద్దు వేరే ఉంది. విశాఖపట్నంలో పోలీసులు మార్చిన సైలెన్సర్లను రోడ్డు మీద పేర్చి రోలరు ఎక్కించింది ఆ హద్దు కోసమే. 'ఒక్కో మార్పుకు' అన్న మాట వ్యాఖ్యాతలకు ముఖ్యం. ఆ లెక్కన మొదటి పాదానికి అయిదు వేలు, రెండో పాదానికి అయిదు వేలు. మూడో పాదంలోని ఆటకు ప్రమాదకరంగా నడపడం కింద 184వ సెక్షన్ విడిగా చూసుకోవాలి.