తేలే ఇటుక, మునిగే పరీక్ష

అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్-1కు చదువుతున్న దోస్తులిద్దరు ఆదివారం కాస్త బుర్రకు విశ్రాంతినిద్దామని రామప్ప గుడికి బయల్దేరారు. చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీ చెయ్యి జారకుండా పుస్తకాలు పరిచి, పక్కవాడికి అప్పజెప్పి మరీ!

నారాయణగూడ దాటకముందే బుర్రలకు మళ్లీ పని పడింది. గుడి ఉన్న పాలంపేటలో దిగాక ప్రశ్నలు ఇక ఆగలేదు.

‘‘గుడి కట్టించింది?’’

‘‘రేచర్ల రుద్రుడు. 1213. గణపతిదేవుడి సేనాని.’’

‘‘యునెస్కో గుర్తింపు?’’

‘‘2021 జులై 25.’’

‘‘పునాది?’’

‘‘ఇసుక. శాండ్‌బాక్స్ టెక్నిక్.’’

‘‘శిఖరం?’’

‘‘నీళ్లలో తేలే ఇటుకలు.’’

ఎత్తుమడమల చెప్పులేసుకున్న నల్లరాతి మదనిక శిల్పం సరిగ్గా వాళ్ల నెత్తిమీదే వయ్యారంగా నిలబడింది. ఒక్కడూ తలెత్తితే ఒట్టు! ‘‘అది బిట్టుగా రాదులేరా’’ అని ముందుకు నడిచారు.

గుడి మెట్ల మీద కూలబడ్డాక ఒకడికి కడుపు మండింది.

‘‘ఇసుక మీద కట్టిన గుడి ఎనిమిది వందల ఏండ్లు నిలిచింది. మన గ్రూప్-1 ప్రిలిమ్స్? 2022లో రాస్తే పేపర్ లీకై రద్దు. 2023లో మళ్లీ రాస్తే హైకోర్టులో రద్దు. 2024లో మళ్లీ కొత్త నోటిఫికేషన్. గదేం పునాదిరా?’’

‘‘ఇటుకలు తేలినయి, మనం మునిగినం. అంతే మామా.’’

‘‘గుడికి చెక్కినోడి పేరు పెట్టిండ్రంటరు. మన పరీక్షకు లీక్ చేసినోడి పేరు పెడితే?’’

‘‘ఒక్కడైతే పెట్టొచ్చురా. అందరి పేర్లూ రాయాలంటే బోర్డు చాలొద్దూ!’’