సీసామీది చీటీ: టీకా తాత్పర్యం

అవతారిక: పుట్టింటికి వెళ్తూ మా ఆవిడ, గాజుసీసాలో పెంచుతున్న మకోడెస్ పెటోలా అనే ఆర్కిడ్ మొక్కను నాకప్పగించి, సీసాకు ఒక చీటీ అంటించింది. మెదక్ సీమకు చెందిన కోలాచలం మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు టీక రాసి చేసిన ఉపకారం ఈ చీటీకి నేను చేయబూనాను.

మూలం: మట్టి తడిగా ఉంటే నీళ్లు పొయ్యకండి. ఎండలో పెట్టకండి. రోజూ కాసేపు మూత తియ్యండి. పువ్వు రాకపోయినా పర్లేదు. జాగ్రత్త.

టీక: మట్టి = మట్టి కాదు. సీసాలో ఉన్నది స్ఫాగ్నం నాచు, కొంచెం పెర్లైటు. 'గంగలో గొల్లపల్లె' అన్నట్టే ఇదీ లక్షణార్థం. ఈ జాతి చెట్లెక్కే ఆర్కిడ్ కాదు. మలేషియా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ అడవుల్లో రాలిన ఆకుల మీద పాకుతుంది. కండగల కాండం, దాని కణుపుల నుంచి వేళ్లు.

పొయ్యకండి = ధారగా వంచకండి. చిలకరిస్తే పోసినట్టు కాదు గదా అని పూర్వపక్షం. వ్యాఖ్యాత పది రోజులు ఈ పక్షాన్నే నమ్ముకుని పూటపూటా చిలకరించాడు. కాండం మొదట్లో గోధుమరంగు తిరిగి, వేలితో నొక్కితే మెత్తగా దిగిపోయింది. పూర్వపక్షం వీగిపోయింది.

పాఠాంతరం: నా తుంపరలే పడి చీటీ మీద 'క' చెరిగింది. ఇప్పుడది 'నీళ్లు పొయ్యండి' అని చదవబడుతోంది. నిషేధమంతా ఒక్క కకారం మీద నిలిచిన వాక్యమిది. ప్రతిలో ఉన్న పాఠాన్ని గౌరవించడం పండితధర్మమని వాదించవచ్చు గానీ, మా ఆవిడ ఆ సంప్రదాయంలో చదువుకోలేదు.

ఎండలో = మాగాయ ముక్కలకు ఎండ మేలు, దీనికి చేటు. గాజుసీసాకు నేరుగా ఎండ తగిలితే లోపల పొయ్యే.

మూత = తీస్తే ఏసీ గాలికి ఆకుల అంచులు ఎండుతాయి, అసలే తీయకపోతే బూజు. 'కాసేపు' అన్నది అందుకే.

పువ్వు = ఇక్కడే కవిహృదయం. తక్కిన ఆర్కిడ్లను పువ్వు కోసం పెంచుతారు, దీన్ని ఆకు కోసం. పువ్వులు చిన్నవి, గోధుమఛాయవి, చూసి మురిసేవి కావు. ఆకు మాత్రం ముదురాకుపచ్చ మఖమలు మీద బంగారు జరీ అల్లిక. టార్చి వేసి చూస్తే తళుక్కుమంటుంది. ఆకులో బంగారమేమీ లేదు. పైపొర కణాలు చిన్న బుడిపెల్లా ఉబ్బి, కటకాల్లా వెలుగును పట్టి తిప్పుతాయి. పెటోలా అన్న పేరు గుజరాతీ పటోలా పట్టుదే. ఆ చీరలు ఒకప్పుడు ఓడలెక్కి ఆ దీవులకు వెళ్లేవి. పోచంపల్లి తప్ప కట్టని మనిషి ఈ మొక్కకు మనసిచ్చిందంటే వింతేముంది?

పర్లేదు = పువ్వు రాకపోతే అని మాత్రమే అన్వయం. ఆకు పోతే పర్లేదా అన్నచోట మూలం మౌనం. ఇక్కడ మూలమంటే మొక్క వేరు కూడా, అది కుళ్లింది. పైకొసను రెండు కణుపులతో కోసి తడినాచు మీద పడుకోబెట్టాను. ఒక కణుపు దగ్గర తెల్లటి మొటిమంత వేరు కనిపిస్తోంది. అనిపిస్తోందేమో కూడా.

జాగ్రత్త = కర్మపదం లేదు. మొక్క జాగ్రత్త అని ఒక వ్యాఖ్య, మీరు జాగ్రత్త అని మరొకటి. ఎల్లుండి పొద్దున బస్సు దిగి గ్రంథకర్త్రే తేలుస్తుంది. సీసాను పుస్తకాల వెనక్కి జరిపాను. ఎండ తగలకుండా.